నాలుగు చిప్పుల్లో ఇరవై గొర్రెలు

వినోద యంత్రాల సలహా మండలి పెద్దలారా! ఢిల్లీలో ఫ్యాను కింద కూచుని, జనం పంపిన కాగితాల మీద టీ కప్పు పెట్టుకునే దొరలారా! ఈ కథలో విదేశీ ముఠా ఉంది, నల్ల కళ్ళద్దాల సుందరి ఉంది, తాళం వేసిన బ్రీఫ్‌కేసు ఉంది. ముద్దాయిలు మాత్రం మీరే. చివర్లో చెప్తే ఈలోగా లేచిపోతారని మొదట్లోనే చెప్పేస్తున్నాను.

హరూర్‌లో రేడియోలు బాగుచేసే నాగవేణమ్మ ఆరేళ్ళు కూచుని ఒక వీడియో గేమ్ రాసింది. కాలేజీ మొహం చూడలేదు. కంప్యూటర్ సొంతంగా లేదు. అంకె అంకె చేత్తో రాసుకుని రెండు వందల పద్నాలుగు పేజీల నోటుబుక్కు నింపింది. "ఈ ఆట నేను రాసినాను, నా పేరున నమోదు చెయ్యండి" అని ఆ నోటుబుక్కు మీకు రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. మీ జవాబు మూడు లైన్లు. ఆటకు రచయిత ఉండడు. వీడియో గేమ్ పుస్తకం కాదు, పాట కాదు, సినిమా కాదు, విద్యార్థుల్ని చెడగొట్టే వ్యసనం. దరఖాస్తు తిరస్కరించడమైనది.

నోటుబుక్కు తిరిగి రాలేదు. ఎనిమిది నెలల తరువాత అందులోని తొమ్మిది పేజీల ఫొటోస్టాట్ కాపీలు హాంకాంగ్‌లో ఒక హోటల్ గదిలో దొరికాయి. మీ బీరువా నుంచి హాంకాంగ్‌కు అవి కాళ్ళొచ్చి నడిచిపోయాయా?

*

1986 అక్టోబరు. తమిళనాడులో ధర్మపురి ఊరి చివర ఒక టైర్ల రీట్రెడింగ్ షాపు. వెనక గదిలో కాలిన రబ్బరు వాసన మధ్య గూఢచారి శాఖ సెక్షన్-9 దక్షిణ విభాగం చీఫ్ కన్నప్పన్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఎదురుగా ఏజెంట్ వరదరాజన్. వయసు ముప్పై నాలుగు. పుట్టింది పాపిరెడ్డిపట్టి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, రిపోర్టుల్లో ఇంగ్లీషు. పదకొండేళ్ళ సర్వీసులో నలుగురు గూఢచారుల్ని పట్టుకున్నాడు. నలుగురినీ ఢిల్లీ వదిలేసింది.

"టార్గెట్ పేరు హార్కర్. జాకరాండా రింగ్ అనే విదేశీ ముఠా మనిషి. నల్లరాయి కొనే వ్యాపారిగా ఊళ్ళో దిగాడు."

"దేనికోసం?"

"గొర్రెల కోసం."

వరదరాజన్ చీఫ్ మొహంలోకి చూశాడు. నవ్వు లేదు.

"అమెరికాలో మూడేళ్ళ కింద వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది, వరదా. ఒకటే ఆటను వంద పేర్లతో అమ్మితే ఎవరు కొంటారు? ఎక్కడ చూసినా ఓడ, తుపాకీ, ఠా ఠా ఠా. జనానికి విసుగొచ్చింది. ఇప్పుడు అందరికీ కొత్త ఆట కావాలి. రాసేవాళ్ళకు జీతమిచ్చి కూచోబెట్టడం కంటే రాసినవాళ్ళ దగ్గర ఎత్తుకుపోవడం చవక. హార్కర్ మెథడ్ ఇది: ముందు ఆట దొంగిలిస్తాడు. బయట దేశంలో తన కంపెనీ పేరున రిజిస్టర్ చేస్తాడు. ఆ తరువాత అసలు రాసినవాళ్ళ మీదే నకిలీ కేసు వేస్తాడు. మనీలాలో ఒకణ్ణి అట్లాగే జైలుకు పంపాడు. సొంత ఆటను కాపీ కొట్టినందుకు!"

కన్నప్పన్ జేబులోంచి ఒక చిప్పు తీసి బల్ల మీద పెట్టాడు. నల్లటి జెర్రిలాగా రెండు పక్కలా కాళ్ళు. వీపు మీద చిన్న గాజు కిటికీ.

"ఈప్రామ్. ప్రోగ్రామంతా దీంట్లో ఉంటుంది. ఈ కిటికీలోంచి అల్ట్రావయొలెట్ లైటు పావుగంట పడితే మొత్తం చెరిగిపోతుంది. అందుకే పైన లేబుల్ అంటిస్తారు. నాగవేణమ్మ ఆట ఇట్లాంటివి నాలుగు చిప్పుల్లో ఉంది. నోటుబుక్కు పోయాక ఇంకెక్కడా లేదు. ఇంకో నాలుగు కొని కాపీ తీసి పెట్టుకుందామంటే దిగుమతి సుంకం ఆమెను కొననివ్వదు."

"నా కవర్?"

"ఎంటర్‌టైన్‌మెంట్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్. ఫారాలు, స్టాంపు ప్యాడు, దొంగ సీలు. గ్యాడ్జెట్ ఒకటే: టిఫిన్ క్యారియర్‌లో కెమెరా. పై గిన్నె మూత తిప్పితే ఫొటో పడుతుంది. సాంబారు మాత్రం పొయ్యొద్దు. పోయినసారి ఒకడు పోశాడు."

"కాంటాక్ట్?"

"పంచవర్ణం. హరూర్ చదువు, సింగపూర్ సంపాదన. హార్కర్ ముఠాలో మన మనిషి." కన్నప్పన్ చిప్పు తీసి జేబులో వేసుకున్నాడు. "లేదా మన ముఠాలో హార్కర్ మనిషి. ఢిల్లీకి కూడా సరిగ్గా తెలియదు."

*

ధర్మపురి బస్టాండు పక్కన ధర్మరాజ్ వీడియో గేమ్స్. రేకుల షెడ్డులో అయిదు పెట్టెలు. నాలుగింట్లో తుపాకులు మోగుతున్నాయి. అయిదోది 'మంద'. దాని ముందే జనం. తలపాగా చుట్టిన ఒక ముసలాయన కర్రను చంకలో ఇరికించుకుని రెండు చేతులా ఆడుతున్నాడు.

తెర మీద ఇరవై గొర్రెలు, రోడ్డు, లారీలు, ఒక తోడేలు. ఎవర్నీ కాల్చేది లేదు. మందను తోలుకుంటూ రోడ్డు దాటించి దొడ్లోకి చేర్చాలి. ముందు గొర్రె తిరిగితే వెనకవి తిరుగుతాయి. గట్టిగా అదిలిస్తే చెదిరిపోతాయి. ఒకటి మాత్రం ఎప్పుడూ పక్కకు లాగుతుంది.

"ఆ పెడసరిది మళ్ళా తప్పిపోతా ఉండాది చూడు! మా ఇంట్లో ఉండేదీ అచ్చం ఇట్లనే!" ముసలాయన తెరను తిడుతున్నాడు.

వరదరాజన్ ఫారాల కట్ట బయటికి తియ్యగానే ఓనర్ ధర్మరాజ్ మొహం మాడిపోయింది.

"ఇంకొకరా! సార్, మొన్న వచ్చినాయన ఇది జూదం అన్నాడు. నిన్న వచ్చినాయన ఇది సినిమా అన్నాడు. మీరు సర్కస్ అంటారా? అది ఏందో ముందు మీరందరూ కూడి తేల్చుకోండి. తేలినాక పన్ను కడతాను."

బెంచీ మీద కూచున్న రిటైర్డ్ అయ్యవారు అందుకున్నాడు. "పన్ను కాదు, సీలు వెయ్యండి సార్! పిల్లకాయల బుర్రలు తినేస్తా ఉండాది. ఒక్కడన్నా పుస్తకం పడతా ఉన్నాడా?"

"అయ్యవారూ, మీరు పొద్దున పదికి వచ్చినారు. ఇప్పుడు రెండయింది. మీ ఆట ఎన్నోది?" ధర్మరాజ్ అడిగాడు.

"నేను పరిశీలన చేస్తా ఉండాను!"

"ఏడోది సార్," అన్నాడు ధర్మరాజ్ వరదరాజన్‌తో. "మందలో పదహారు గొర్రెలు దాటించినాడు. పదిహేడోది దాటేదాక ఇంటికి పోడు."

అప్పుడు వచ్చింది పంచవర్ణం. నైలాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, మోచేతి దాకా వేలాడే మల్లెపూలు. షెడ్డులో నాలుగు తుపాకులూ ఒక్కసారి గురి తప్పాయి.

వరదరాజన్ కోడ్ వర్డ్ అన్నాడు. "హరూర్ బస్సులో సీటు దొరుకుతుందా?"

"నిలబడి పోయేవాళ్ళకు ఎప్పుడూ దొరుకుతాది," అందామె. గొంతు తగ్గించింది. "హార్కర్ ఎల్లుండి హొసూరు మీద బెంగుళూరు పోతాడు. చెక్‌పోస్టు కాడ కాచుకోండి ఇన్‌స్పెక్టర్ సార్. ఈడ ఎండలో ఎందుకు మాడతారు?"

చెప్పి, 'మంద' ముందుకు పోయి మూడు ఆటలు ఆడింది. బాగా ఆడింది. హై స్కోర్ వచ్చినవాళ్ళు తెర మీద మూడక్షరాల పేరు పెట్టుకోవచ్చు. మూడుసార్లూ పెట్టింది, మూడుసార్లూ వేరే పేరు. కళ్ళద్దాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

వరదరాజన్ టిఫిన్ క్యారియర్ మూత తిప్పుతూ తెర చదివాడు. ఏ-వై-యు. హెచ్-ఆర్-ఆర్. సి-ఏ-ఆర్. ఆయుధ పూజ. హరూర్. కారు.

రెండు నిమిషాల్లో ఒక తెల్లదొర గోలీసోడా తాగుతూ లోపలికొచ్చాడు. చేతిలో నల్లరాయి ముక్క. తెర వంక ఒక్క చూపు చూసి, సోడా సగంలోనే వదిలి పోయాడు. హార్కర్!

డెడ్ డ్రాప్ అంటే, అదే గూఢచారులు కబురు వదిలే చోటంటే, చెట్టు తొర్రలో చీటీ అనుకుంటారు మనవాళ్ళు. వీళ్ళు బస్టాండు మధ్యలో, నలభై మంది చూస్తుండగా, నాగవేణమ్మ ఆట మీదే నాగవేణమ్మను దోచే ముహూర్తం రాసిపెట్టుకున్నారు. కరెంటు తీస్తే ఆ పట్టీ చెరిగిపోతుంది. టిఫిన్ క్యారియర్లో పడిన ఫొటో తప్ప సాక్ష్యం ఉండదు.

కరెంటు పోయింది కూడా. సరిగ్గా అప్పుడే సంచీ, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒకామె వచ్చి స్విచ్చి కట్టేసింది. బక్కపలచని మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, వేళ్ళ నిండా సోల్డరింగ్ మచ్చలు.

"ఏం నాగవేణమ్మా! పదిహేడోది దాటతా ఉండగా!" అయ్యవారు అరిచాడు.

"రేపు ఆయుధ పూజ కాదా అయ్యవారూ? ఈ చిప్పుల బోర్డును అంగడికి ఎత్తుకపోయి పూజలో పెట్టల్ల. ఎల్లుండి పొద్దున తెస్తాను."

వరదరాజన్ ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మా, రేపు ఈ బోర్డును మీ అంగట్లో పెట్టొద్దు. ఎత్తుకుపోవడానికి మనుషులు దిగినారు."

ఆమె ఫారాల కట్ట వంక చూసి నవ్వింది. "ఎత్తుకపోయేది పోస్టులోనే ఎత్తుకపోయినారు సార్. రసీదు కూడా ఇచ్చినారు."

*

పోస్టాఫీసులో ట్రంక్ కాల్ కలిసేసరికి సాయంత్రం నాలుగయింది.

"అరెస్ట్ వారంటు కావాలి సార్. రేపు హరూర్‌లో దొంగతనం."

లైనులో గరగర. ఆ తరువాత కన్నప్పన్ గొంతు, చచ్చిపోయినట్టు. "ఢిల్లీని అడిగాను వరదా. ఓనర్ ఉంటేనే దొంగతనమట. ఆటకు రచయిత లేడని సలహా మండలి తేల్చేసింది కాబట్టి ఓనర్ లేడట. చిప్పుల ప్లాస్టిక్ విలువకు కావాలంటే లోకల్‌గా చిల్లర కేసు పెట్టుకోమన్నారు. హార్కర్ ఎగుమతులకు పనికొచ్చే అతిథి. ముట్టుకోవద్దు అన్నారు."

"అంటే నేనేం చెయ్యాలి?"

"అబ్జర్వ్ చెయ్యి. రిపోర్టు రాయి."

"పదకొండేళ్ళుగా రాస్తున్నాను సార్."

మూడు నిమిషాలు అయిపోయాయి. లైను కట్ అయింది. వరదరాజన్ రిసీవర్‌ను కొక్కెం మీద ఎంత గట్టిగా కొట్టాడంటే పోస్టాఫీసు గుమాస్తా లేచి నిలబడ్డాడు.

విన్నారా దొరలారా? దొంగకు మీరు తాళం చెవి ఇచ్చి ఊరుకోలేదు. అసలు ఇల్లే లేదని సర్టిఫికెట్ రాసిచ్చారు.

*

ఆయుధ పూజ రోజు పొద్దున పదకొండుకే వరదరాజన్ హరూర్‌లో నాగవేణమ్మ అంగడి ముందు బెంచీ మీద కూచున్నాడు. ఊళ్ళో మెషీన్ అన్నది ఏదీ తిరగడం లేదు. కుట్టుమిషన్‌కు బొట్టు, పిండిమరకు బొట్టు, పూజ కాగానే రోడ్డెక్కే బస్సులకు అరటి పిలకలు. అంగడి లోపల పీట మీద సోల్డరింగ్ ఐరన్, మీటరు, కటింగ్ ప్లయరు, నాలుగు పాత రేడియోలు, వాటి మధ్యలో 'మంద' బోర్డు. నాగవేణమ్మ తల్లి కెంచమ్మ గంధం గిన్నెతో కూచుని ఉంది.

"అమ్మా! చిప్పుల మీద లేబుళ్ళు ఎందుకు పెరికినావే?"

"మసి పట్టిన కాయితం దేవుని కాడ పెడతారా ఏందే? గీకి, తుడిచి, బాగ గంధం పూసి కుంకం పెట్టినాను. ఇప్పుడు చూడు, పెండ్లికూతురు మాదిరి ఉండాయి."

"వెలుతురు తగిలితే చెడిపోతాయే!"

"నేను పూసిన గంధంలో సూర్యుడు కూడా దూరడు పో."

వరదరాజన్‌కు ఓపిక చచ్చింది. "అక్కా, దండం పెడతాను. ఆ బోర్డు తీసి నా సంచీలో పెట్టు. నేను నిజంగా ట్యాక్స్ వాణ్ణి కాదు."

నాగవేణమ్మ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "మీరు ఎవరైనా కానీ సార్. పూజలో పెట్టినది రేపు పొద్దున మరుపూజ అయ్యేదాక కదిలించకూడదు. నేను కూడా ముట్టను."

అదీ హార్కర్‌కు పంచవర్ణం అమ్మిన రహస్యం. ఏడాదికి ఒక్కరోజు ఈ ప్రాంతంలో పూజ పీట మీద పెట్టిన పనిముట్టును దాని సొంతదారు కూడా ముట్టుకోడు. పూజనాడు పోయింది మర్నాడు పొద్దున దాకా ఎవరికీ తెలియదు. వరదరాజన్ తనే ఎత్తుకుపోవచ్చు కదా అంటారేమో. లేచాడు. పీట దాకా పోయాడు. పాపిరెడ్డిపట్టిలో పుట్టినవాడు. చెయ్యి ముందుకు పోలేదు. తనను తానే తిట్టుకుంటూ వచ్చి బెంచీ మీద కూచున్నాడు.

పన్నెండింటికి హారతి. సాంబ్రాణి పొగ అంగడి నిండా కమ్మింది. రేడియో బాగుచేయించుకున్న ఊరంతా బొరుగులు, గుగ్గిళ్ళ కోసం వచ్చి పడింది. గుంపులో ఒకామె తల మీద ముసుగుతో వచ్చి, పీట ముందు సాష్టాంగపడి, కొంగుతో కళ్ళొత్తుకుని లేచిపోయింది. పొగ తగ్గింది. బోర్డు ఉన్నచోటే ఉంది.

వరదరాజన్ గుగ్గిళ్ళు నములుతూ దాని వంక చూశాడు. నమలడం ఆపాడు.

"నాగవేణమ్మా, చిప్పులకు బొట్లు ఏవి?"

నల్లటి చిప్పులు నాలుగూ నున్నగా మెరుస్తున్నాయి. కుంకుమ లేదు, గంధం లేదు. డమ్మీ బోర్డు! పొగ చాటున ముసుగామె మార్చేసింది. నాగవేణమ్మ పీట ముందు కూలబడలేదు. ఏడవలేదు. చెప్పులు వేసుకుంది. "ఏ పక్క పోయింది?" బొరుగులు తింటున్న ఒక పిల్లవాడు, ముసుగామె తెల్ల కారెక్కిందని మొరప్పూరు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు.

*

నాగవేణమ్మ మోపెడ్‌కు రెండు వైపులా అరటి పిలకలు కట్టి ఉన్నాయి. విప్పే టైం లేదు. ఆమె నడుపుతుంటే సెక్షన్-9 ఏజెంట్ వెనక కూచుని, మొహానికి కొట్టే అరటాకును పక్కకు నెట్టుకుంటూ మొరప్పూరు రోడ్డు మీద పోయాడు.

రైల్వే గేటు పడి ఉంది. బండ్లు బారులు తీరాయి. ప్రతి బస్సుకూ, లారీకీ, ట్రాక్టరుకూ బంతిపూల దండలు, పసుపు, గంధం. ఆ బారులో ముందు నుంచి రెండోది తెల్ల అంబాసిడర్. దాని మీద ఒక్క బొట్టు లేదు, చక్రం కింద ఒక్క నిమ్మకాయ లేదు. ఆరోజు జిల్లాలో పూజ చెయ్యని బండి అదొక్కటే అయ్యుంటుంది.

దూరంగా కూత వినిపించింది. రైలు పోతే గేటు లేస్తుంది. గేటు లేస్తే ధర్మపురి, ధర్మపురి దాటితే బెంగుళూరు, రాత్రికి విమానం.

అంబాసిడర్ ముందున్న లారీ డ్రైవర్ పేరు కరుప్పన్. గుమ్మడికాయ పగలగొట్టి, బీడీ వెలిగించుకుంటున్నాడు. వరదరాజన్ దగ్గర వారంటు లేదు, రివాల్వర్ లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి కోడ్ వర్డ్ లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "అన్నా, గేటు లేచినా బండి తియ్యొద్దు. నీ వెనక కారులో ఒకామె ఆరేళ్ళ కష్టం పోతా ఉండాది."

"ఎవురిది?"

"హరూర్ రేడియో నాగవేణమ్మది."

"ఆయక్కదా?" కరుప్పన్ తాళం చెవి పీకి చెవి వెనక బీడీ పక్కన పెట్టుకున్నాడు. "నా టేప్‌రికార్డర్ మూడుసార్లు ప్రాణం పోసింది. ఇంక ఈ బండి స్టార్ట్ కాదు పో."

కారు అద్దం దిగింది. హార్కర్ ఒళ్ళో వెండిరంగు బ్రీఫ్‌కేసు. పక్కన పంచవర్ణం.

"ఏ నేరం మీద?" హార్కర్ తాపీగా ఇంగ్లీషులో అడిగాడు. జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. సలహా మండలి తిరస్కారపత్రం కాపీ! "మీ వాళ్ళే రాసిచ్చారు. ఆటకు రచయిత లేడు. ఎవరిదీ కానిదాన్ని నేను తీసుకున్నాను."

నాగవేణమ్మకు అందులో సగమే అర్థమయింది. ఆ సగం చాలు. "వర్ణా," అంది. ఇద్దరూ హరూర్‌లో ఒకే బడి. "నువ్వు ఈ పని చేస్తావని అనుకోలేదే."

పంచవర్ణం కళ్ళద్దాలు తీసింది. "నీ దగ్గర ఉంటే ఏమవుతాది నాగూ? బస్టాండు షెడ్డులో తుప్పు పడతాది. ఈ దొర చేతిలో పడితే లోకమంతా ఆడతాది. టోక్యోలో, లండన్‌లో నీ గొర్రెలు రోడ్డు దాటతాయి."

"ఎవరి పేరుతో?"

పంచవర్ణం ఆ ప్రశ్నను ఇంగ్లీషులో హార్కర్ చెవిన వేసింది. హార్కర్ చెప్పాడు. "పేర్లు ఎవరూ చదవరు. ఆడేవాళ్ళకు ఆట కావాలి. మా దగ్గర పనిచేసేవాళ్ళ పేర్లు కూడా తెర మీద వెయ్యం. ఇండస్ట్రీ పద్ధతి అది."

అని, బ్రీఫ్‌కేసు పిడి కింద మీట నొక్కాడు. లోపల సన్నగా ఝుమ్మని మోత మొదలైంది. అంచుల్లోంచి ఊదారంగు వెలుతురు.

"అల్ట్రావయొలెట్ ల్యాంపు. పదిహేను నిమిషాల్లో నాలుగు ఖాళీ చిప్పులు. సాక్ష్యం లేదు, ఆట లేదు. ఆ లారీని తియ్యమనండి, ల్యాంపు ఆపుతాను."

గూడ్సు రైలు భూమిని అదరగొడుతూ పోయింది. గేటు లేచింది. వెనక నలభై బండ్లు హారన్లు కొట్టాయి. కరుప్పన్ బీడీ మార్చాడు.

వదిలితే ఆట బతుకుతుంది, వీడి పేరుతో. పట్టుకుంటే చస్తుంది, ఈమె కళ్ళ ముందు. నిర్ణయం తనది కాదు. వరదరాజన్ నాగవేణమ్మ వైపు తిరిగాడు.

ఆమె ఊదా వెలుతురు వంక చూస్తూనే అంది. "చస్తే చావనీ సార్. వాని పేరుతో బతికి, రేపు నన్నే కాపీ కొట్టినదంటాడు. మళ్ళా రాస్తాను. ఇంకో ఆరేళ్ళు."

అప్పుడు వరదరాజన్‌కు వెలిగింది. గూఢచారికి ఇక్కడ ఏ అధికారమూ లేదు. కానీ లైసెన్స్ లేని వినోద సామగ్రిని ఎక్కడైనా, ఎవరి దగ్గరైనా స్వాధీనం చేసుకునే హక్కు ఎంటర్‌టైన్‌మెంట్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఉంది! ఫారం తీసి అంబాసిడర్ బానెట్ మీద పరిచాడు.

"తాళం చెవి."

"నా దగ్గర లేదు," హార్కర్ నవ్వాడు. చెయ్యి కోటు లోపలికి పోయింది. చుట్టూ చూశాడు. ముప్పై మంది డ్రైవర్లు, చేతుల్లో టైరు లివర్లు, జాకీ రాడ్లు. అన్నిటికీ పొద్దున పెట్టిన కుంకుమ. కోటు లోంచి చెయ్యి రుమాలుతో బయటికొచ్చి మొహం తుడుచుకుంది.

వరదరాజన్ బ్రీఫ్‌కేసు లాక్కుని బానెట్ మీద పెట్టాడు, కరుప్పన్ మూత సందులో లివరు పెట్టి కొడుతున్నాడు. ఎనిమిది నిమిషాలు. మూత కదల్లేదు. పదకొండు. ఒక పక్క బద్దలైంది. పదమూడు. నాగవేణమ్మ వేళ్ళు లోపలికి పెట్టి వైరు కోసం తడుముతోంది. రేకు గీరుకుని రక్తం. పద్నాలుగో నిమిషం మీద సగం గడిచింది.

"టప్" మంది. ఊదా వెలుతురు ఆరిపోయింది.

మూత పూర్తిగా లేచింది. బోర్డు మీద నాలుగు చిప్పులు. ఒక్కో చిప్పు వీపున ఎండి గట్టిపడిన గంధం మందంగా, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. గాజు కిటికీ ఎక్కడుందో కూడా కనబడడం లేదు.

హార్కర్ పంచవర్ణం వైపు తిరిగి అరిచాడు. "శుభ్రం చేసి పెట్టమన్నాను కదా!"

"చెప్పినావు," అంది పంచవర్ణం తెలుగులోనే. అతనికి అర్థం కావాలన్న పట్టింపు ఆమెకు లేదు. "తుడిచేదానికి బట్ట కూడా తీసినాను. పూజలో పెట్టిన బొట్టు. చెయ్యి రాలేదు." నాగవేణమ్మ వంక చూడకుండా కారు దిగింది. గేటు దాటుతున్న తిరువణ్ణామలై బస్సు ఆపి ఎక్కింది. ఆమె ఎవరి మనిషో ఢిల్లీ ఇంకా తేల్చుకోలేదు.

*

మర్నాడు పొద్దున మరుపూజ అయ్యాక, కెంచమ్మ ఒప్పుకున్నాక, నాగవేణమ్మ గంధం గీకి బోర్డుకు కరెంటు ఇచ్చింది. తెర గీతలు గీతలుగా వణికింది. ఒక గొర్రె వచ్చింది. రెండు. అయిదు. ఇరవై. పెడసరిది పక్కకు లాగింది.

"ఉండాయి," అంది నాగవేణమ్మ. తల్లి ఒళ్ళో తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

హార్కర్? అతని మీద నిలబడే కేసు లేదు. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఇంకో ఊళ్ళో ఇంకొకరి ఆట కోసం. రచయిత లేడన్న మీ కాగితం ఇంకా అతని జేబులోనే ఉంది. ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

కన్నప్పన్ ఫోనులో ఒకటే అరుపు. "స్వాధీన పత్రంలో ఏం రాశావయ్యా?"

"ఫారంలో ఉన్న గడులే నింపాను సార్. వస్తువు: వీడియో గేమ్, పేరు మంద. రచయిత, సొంతదారు: నాగవేణమ్మ, హరూర్. ముప్పై మంది డ్రైవర్లు సాక్షి సంతకాలు పెట్టారు. కొందరు వేలిముద్ర వేశారు. సీలు వేసి, వస్తువును సొంతదారుకు అప్పగించి, ఒక కాపీ ఆమెకు ఇచ్చాను."

"నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి కాదు! ఆ కాగితం చెల్లదు!"

అదీ సంగతి దొరలారా. ఈ దేశంలో ఒక ఆటకు ఒక మనిషిని రచయితగా ఒప్పుకున్న కాగితం ఒకే ఒక్కటి ఉంది. అది దొంగ ఇన్‌స్పెక్టర్, దొంగ సీలుతో, రైల్వే గేటు దగ్గర కారు బానెట్ మీద రాసింది. నిజమైన ఆఫీసులో నిజమైన కుర్చీలో కూచున్న మీరు రాయలేకపోయింది అది.

ఇప్పుడు కప్పు పక్కన పెట్టండి. నాగవేణమ్మ నోటుబుక్కు రెండు వందల పద్నాలుగు పేజీలూ వెతికి తిరిగి పంపండి. తొమ్మిది పేజీలు ఎవడు అమ్మాడో వాడి పేరు బయటపెట్టండి. ఆట రాసినవాళ్ళ పేరు ఆట మీద ఉండాలని ఒక్క లైను రాయండి, ఈ వారమే. మీ సీలు కనబడకపోతే వరదరాజన్‌కు కబురు పెట్టండి. తనది అరువిస్తాడు.